1908 మిడిల్‌వెయిట్ సీజన్‌కు 12 రౌండ్ల కొలత కుదరదు

సంపాదకులకు,

మీ ఆదివారం క్రీడా పేజీలో 1908 నాటి మిడిల్‌వెయిట్ బాక్సింగ్ టైటిల్ పోరులను కంప్యూటర్‌లో మళ్లీ ఆడించి ఫలితాలు వేశారు. ఆ కాలపు అమెరికా మిడిల్‌వెయిట్ మేటులు స్టాన్లీ కెచెల్, బిల్లీ పాప్కేల పేర్లు తెలుగు పత్రికలో కనబడటమే అరుదు కాబట్టి సంతోషం. కానీ మీ ఆటలో కెచెల్ మార్చిలోనే పాయింట్ల మీద ఓడిపోయాడు, ఏడాది తిరక్కుండా ఐదుగురు ఛాంపియన్లు మారిపోయారు. తప్పు బాక్సర్ల బలాన్ని బట్టి ఇచ్చిన మార్కుల్లో ఉందనుకోను. అన్ని పోరులకూ 12 రౌండ్లు, ముగ్గురు జడ్జీలు, రౌండుకు 10 పాయింట్లు పెట్టడంలో ఉంది. ఇదంతా నేటి పద్ధతి.

ఆ రోజుల్లో పోరు ఎన్ని రౌండ్లో, గెలుపు ఎవరు చెబుతారో, అసలు చెప్పవచ్చో లేదో ఊరిని బట్టి ఉండేది. శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన కోల్మాలో 45 రౌండ్ల ఒప్పందాలు జరిగేవి. 1907 సెప్టెంబర్ 2న జో థామస్‌ను కెచెల్ పడగొట్టింది అలాంటి పోరులోనే, 32వ రౌండులో. మిల్వాకీలో 10 రౌండ్లు. ఫిలడెల్ఫియాలో 6, అదీ తీర్పు లేకుండా. తీర్పు ఉన్నచోట రిఫరీ ఒక్కడే చివర్లో చేయి ఎత్తేవాడు, స్కోరు కార్డుల గొడవ లేదు.

రౌండ్ల సంఖ్య ఎంత తేడా తెస్తుందో రెండేసి పాచికలతోనే చూడవచ్చు. ప్రతి రౌండుకూ ఇద్దరూ రెండేసి పాచికలు వేసి, తమ మార్కు కలుపుకోవాలి. మొత్తాల తేడా 8 లేదా అంతకు మించితే నాకౌట్. తక్కువైతే ఎక్కువ వచ్చినవాడిది ఆ రౌండు. సమవుజ్జీలైతే ఒక్కొక్కరికి నాకౌట్ పడే అవకాశం 1296లో 15, ఇద్దరికీ కలిపి 30. దీన్ని రౌండ్ల మీద గుణించుకుంటూ పోతే 6 రౌండ్లలో వందకు 13 పోరులు, 10 రౌండ్లలో 21, 12 రౌండ్లలో 24, 20 రౌండ్లలో 37, 45 రౌండ్లలో 65 మధ్యలోనే ముగుస్తాయి. అవే పాచికలు, వాళ్లే మనుషులు. కోల్మా పోరుకు 12 రౌండ్లు పెడితే మధ్యలో ముగియాల్సినవాటిలో సగానికి పైగా జడ్జీల చేతికి పోతాయి. కెచెల్ వంటి నాకౌట్ వీరుడు పాయింట్లలో చిక్కుకోవడానికి కారణం ఇదే.

ఇంకో సవరణ కూడా కావాలి. 45 రౌండ్లకు దిగినవాడు మొదటి రౌండు నుంచే ఒళ్లంతా ఖర్చు చెయ్యడు. అందుకని మొదటి పది రౌండ్లలో నాకౌట్‌కు తేడా 9, ఇరవై వరకు 8, ఆ తర్వాత 7 పెట్టుకోవాలి. అప్పుడు 45 రౌండ్లలో వందకు 82 పోరులు తేలిపోతాయి, అందులో ఎక్కువ భాగం 20 దాటాక. ఈ మెట్లు పెట్టకుండా మొదటి నుంచీ తేడా 8నే కోల్మాకు మోస్తే వందకు 21 పోరులు పదో రౌండుకే అయిపోతాయి.

మార్కుల విషయంలో చెయ్యి కాస్త బిగబట్టాలి. ఒక్క మార్కు ఎక్కువిస్తే నాకౌట్ అవకాశం 1296లో 15 నుంచి 35కి లేస్తుంది. మూడు మార్కులిస్తే 126కి. అంటే 20 రౌండ్లలో వందకు 87 సార్లు పని పూర్తవుతుంది, ఇక పోటీ ఏముంది? మొదటి వరుస బాక్సర్ల మధ్య తేడా ఒక మార్కుకు మించకూడదు. కెచెల్‌కు ఎక్కువ ఇవ్వాలనిపించడానికి కారణం అతని నాకౌట్ల పట్టిక. దాన్లో పెద్ద భాగం మోంటానాలోని బ్యూట్ గనుల ఊళ్లో, పేరులేని ప్రత్యర్థుల మీద వచ్చినది. అవి తీసేసి 1907 సెప్టెంబర్ నుంచి లెక్కించాలి.

కెచెల్‌కు అసలు 1908 ఎలా నడిచిందో చూడండి. ఫిబ్రవరి 22న మైక్ 'ట్విన్' సలివాన్ మొదటి రౌండులో, మే 9న అతని కవల సోదరుడు జాక్ 20వ రౌండులో పడిపోయారు, రెండూ కోల్మాలోనే. జూన్ 4న మిల్వాకీలో పాప్కే మీద 10 రౌండ్ల తీర్పు. జూలై 31న హ్యూగో కెల్లీ మూడులో, ఆగస్టు 18న థామస్ రెండులో. సెప్టెంబర్ 7న లాస్ ఏంజెలెస్ పక్కన వెర్నన్‌లో, మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ జిమ్ జెఫ్రీస్ రిఫరీగా, పాప్కే చేతిలో 12వ రౌండులో ఓటమి. నవంబర్ 26న కోల్మాలో 11వ రౌండులో పాప్కేను పడగొట్టి టైటిల్ తిరిగి తీసుకున్నాడు. ఏడు పోరులు, 59 రౌండ్లు.

వెర్నన్ ఓటమికి చెయ్యి కలపబోతుంటే పాప్కే గుద్దాడన్న కథే అందరూ చెబుతారు. దానికోసం ప్రత్యేక నియమం పెట్టనక్కర్లేదు. జూలై 31 నుంచి సెప్టెంబర్ 7 దాకా 38 రోజులు. ఆ వ్యవధిలో అది మూడో పోరు. 40 రోజుల్లో మూడోసారి బరిలోకి దిగినవాడికి ఒక మార్కు తగ్గించండి. పాప్కేకు 12 రౌండ్లలోపు నాకౌట్ అవకాశం వందకు 13 నుంచి 28కి పెరుగుతుంది. మీ పద్ధతిలో ప్రతి పోరుకూ మనిషి కొత్తగా దిగుతున్నాడు. సీజన్ అన్నాక పాత దెబ్బలు వెంట రావాలి కదా.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద విషయం, తీర్పు లేని పోరు. న్యూయార్క్‌లో ఫ్రాలీ చట్టం అమల్లో ఉన్న 1911 నుంచి 1917 వరకు 10 రౌండ్లే, తీర్పు చెప్పడం నిషిద్ధం. మర్నాడు పత్రికలు ఎవరు గెలిచారో రాసేవి, ఆ మాటకు టైటిల్ కదిలేది కాదు. ఛాంపియన్‌ను నాకౌట్ చెయ్యాలి, లేదా అతను ఫౌల్ చేసి పోవాలి. మన పాచికల లెక్కలో 10 రౌండ్లలో సమవుజ్జీకి నాకౌట్ అవకాశం వందకు 10 చిల్లర మాత్రమే. తీర్పు ఉంటే అదే మనిషికి దాదాపు సగం సగం. 1914 ఏప్రిల్ 6న బ్రూక్లిన్‌లో జార్జ్ చిప్‌ను తొలి రౌండులోనే పడగొట్టిన ఆల్ మెక్‌కాయ్, 1917 నవంబర్ 14న మైక్ ఓడౌడ్ ఆరో రౌండులో పడగొట్టేదాకా టైటిల్ అట్టిపెట్టుకోగలిగింది ఈ ఏర్పాటు వల్లే. మెక్‌కాయ్ గొప్పవాడని కాదు, చట్టం అతని పక్షాన నిలబడింది. ఇందులో ఇంకో మెలిక: మిడిల్‌వెయిట్ బరువు పరిమితి అప్పట్లో 158 పౌండ్లు కాబట్టి అంతకు మించిన బరువుకు ఒప్పందం రాసుకుంటే నాకౌట్ అయినా టైటిల్ పోదు. ఒప్పందపు బరువుకు మీ పట్టికలో ఒక గడి ఉండాలి.

ఫౌల్ సంగతి క్లుప్తంగా. రెండు పాచికల మీద రెండూ ఒకట్లు పడితే అనర్హత అన్న నియమం చాలామంది పెడతారు. రౌండుకు 36లో 1 తక్కువే అనిపిస్తుంది గానీ, 20 రౌండ్లలో వందకు 43 పోరులు అలాగే ముగుస్తాయి. మూడు పాచికలు వేసి మూడూ ఒకట్లయితేనే ఫౌల్ అనుకుంటే వందకు 9 దగ్గర ఆగుతుంది. ఫ్రాంక్ క్లాస్ 1912లో డియెప్‌లో కార్పాంటియె మీద, 1913 మార్చిలో పారిస్‌లో పాప్కే మీద అనర్హతతోనే గెలిచాడు. కాబట్టి ఈ నియమాన్ని పూర్తిగా తీసెయ్యనూ కూడదు. కిందపడ్డవాడి సంగతీ మీరు వదిలేశారు. అప్పట్లో కొట్టినవాడు దూరపు మూలకు పోనక్కర్లేదు, లేస్తుండగానే మళ్లీ కొట్టేవాడు. నాకౌట్ తేడాకు ఒకటి తక్కువ వస్తే పడ్డట్టు లెక్కవేసి, పడ్డవాడికి రెండు మార్కులు తగ్గించి అదే రౌండులో మరోసారి పాచికలు వేయించండి.

ఒక్కసారి ఆడించి ఫలితం అచ్చువేయడం ఇంకో లోపం. ప్రతి పోరులో వందకు 60 గెలిచే మేటి బాక్సర్ వరసగా ఐదు టైటిల్ పోరులు నిలబెట్టుకునే అవకాశం వందకు 8 కూడా లేదు. ఐదుగురు ఛాంపియన్లు మారారంటే అందులో వింతేమీ లేదు. అదే సీజన్‌ను 1000 సార్లు నడిపి, డిసెంబర్ 31 నాటికి టైటిల్ ఎవరి దగ్గర ఎన్నిసార్లు ఉందో వెయ్యండి. వంద సార్లు నడిపితే సగం సగం ఫలితానికి 5 శాతం అటూ ఇటూ ఊగుతుంది, వెయ్యికి ఒకటిన్నర దగ్గరకు వస్తుంది.

శామ్ లాంగ్‌ఫర్డ్‌ను మీరు జాబితాలోనే పెట్టలేదు. నల్లజాతి బాక్సర్లకు మిడిల్‌వెయిట్ టైటిల్ పోరు ఇవ్వని రోజులవి. 1926లో టైగర్ ఫ్లవర్స్ గెలిచేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. 1910 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలో లాంగ్‌ఫర్డ్, కెచెల్ తలపడ్డా అది తీర్పు లేని ఆరు రౌండ్లే. ఆ వర్ణ నిషేధాన్ని ఉంచి ఆడించారా, ఎత్తేసి ఆడించారా అన్నది ఫలితాల పైనే రాయాలి. రెండూ నడిపి పక్కపక్కన వేస్తే మరీ మంచిది.

1910 అక్టోబర్ 15న మిస్సోరీలో కెచెల్ 24 ఏళ్ల వయసులో హత్యకు గురయ్యాక టైటిల్ నాదంటే నాదని చాలామంది అన్నారు. తేల్చే సంస్థ లేదు. రెండో భాగం వేసేటట్టయితే 1911 నుంచి ఒక్క ఛాంపియన్ గడి చాలదు, వాదనకు ఒక గడి చొప్పున పెట్టండి. 1915, 16 సంవత్సరాల్లో ఆస్ట్రేలియాకు చెందిన లెస్ డార్సీని మాత్రం మరవకండి. సిడ్నీలో మెక్‌గూర్టీ, క్లాబీ, చిప్ అందరినీ ఓడించి అమెరికా చేరిన ఆ కుర్రవాడు, అక్కడ మెక్‌కాయ్‌తో పోరు కుదరకుండానే 1917 మేలో 21 ఏళ్లకు మెంఫిస్‌లో చనిపోయాడు. ఆ ఇద్దరినీ రెండుసార్లు ఆడించండి: సిడ్నీలో రిఫరీ తీర్పుతో 20 రౌండ్లు, బ్రూక్లిన్‌లో తీర్పు లేకుండా 10. రెండు ఫలితాలనూ పక్కపక్కన అచ్చువేయమని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం