గొర్రె పిల్లల దాణా ఎవరి బాధ్యత?

సంపాదకుల వారికి,

గొర్రె పిల్లల మరణాలకు పెంపకందారుల అవగాహనా లోపమే కారణమని పశుసంవర్ధక శాఖ అధికారి ఒకరు సెలవిచ్చినట్టు ఈ మధ్య మీ పత్రికలో వచ్చిన వార్త చూశాను. అవగాహన కల్పించడానికి జీతం తీసుకునే శాఖే అది లేదని రైతును తప్పుపట్టడం విడ్డూరంగా ఉంది.

ఈనిన మూడు, నాలుగు వారాలకు తల్లి పాలు బాగా పెరిగి ఆపై తగ్గుముఖం పడతాయి. సరిగ్గా అప్పుడే పిల్లకు ఆకలి ఎక్కువవుతుంది. నగరం చుట్టూ పడావు భూములన్నీ వెంచర్లుగా మారాక మేత దొరకని తల్లి పాలెక్కడి నుంచి ఇస్తుంది? పుట్టిన గంటలోపు ముర్రుపాలు తాగించి, రెండో వారం నుంచే నలగగొట్టిన మక్కలు, పల్లి చెక్క, తవుడు, ఖనిజ లవణ మిశ్రమం, కాస్త ఉప్పు కలిపిన దాణా రుచి చూపిస్తే పిల్లకు మేతను అరిగించుకునే పొట్ట త్వరగా ఎదుగుతుంది. దొడ్డిలో ఒక మూల, పిల్లలు దూరగలిగి తల్లులు దూరలేని సందు ఉంచి తడిక కడితే చాలు. మొదట్లో రోజుకు యాభై గ్రాములు తినడమే ఎక్కువ. మూడో నెలకు రెండు వందల గ్రాముల దాకా వస్తుంది. పాలు మాన్పించే నాటికి పిల్లకు పది కిలోలకు అటూ ఇటూగా ఖర్చవుతుంది. పది, ఇరవై గొర్రెలున్న చిన్న రైతుకు ఇది మోయలేని భారం కాదు.

అయితే ఎలా పెట్టాలో చెప్పేవారు కావాలి. దుకాణంలో అడిగితే పాడి గేదెల దాణాయే అంటగడతారు. అందులో యూరియా కలిసి ఉంటే లేత పిల్లకు ప్రాణం మీదికి వస్తుంది. పశువుల ఖనిజ మిశ్రమంలో ఉండే రాగి గొర్రెలకు మోతాదు మించుతుంది. మంచిదన్నారు కదా అని ఒక్కసారిగా ఎక్కువ పెడితే పేగుల్లో విషం పుట్టించే చిటుక రోగం వచ్చి మందలో అన్నిటికన్నా పుష్టిగా ఉన్న పిల్లే ముందు పోతుంది. టీకా వేయించి, దాణాను కొద్దికొద్దిగా పెంచాలన్న సంగతి రైతుకు కలలో తెలుస్తుందా?

2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమలకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచిన రోజుల్లో నాయకుల ఫొటోలకు కొదవ లేదు. 2019 పశుగణనలో రాష్ట్రం కోటీ తొంభై లక్షల గొర్రెలతో దేశంలోనే మొదటి స్థానంలో నిలిచిందని చెప్పుకోవడమూ విన్నాం. తలలు లెక్కపెట్టడంలో ఉన్న ఉత్సాహం, ఆ మందల్లో పుట్టిన పిల్ల ఏం తింటున్నదో కనుక్కోవడంలో కనిపించలేదు. రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం, చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉన్నాయి. అక్కడి విద్య అవుటర్ రింగ్ రోడ్డు దాటి గొల్లకురుమల వాడకు చేరకపోవడం చేతగానితనం కాక మరేమిటి? ఊళ్లో పశువైద్యశాల తలుపు తెరిచి కనిపిస్తేనే అదృష్టమనుకునే కాలం వచ్చింది. ఆదివారం మటన్ ధర చూసి గగ్గోలు పెట్టే మన నగరవాసులకూ ఇది పట్టదు. మీ వ్యవసాయ పేజీ సైతం వరి, పత్తి పోగా మిగిలిన చోటునే గొర్రెకు కేటాయిస్తున్నదని చెప్పక తప్పదు.

నట్టల నివారణ మందు తాగించడానికి సిబ్బంది ఎలాగూ ఊరూరా తిరుగుతారు. వారి చేతికే దాణా పాళ్లు, వయసును బట్టి పెట్టవలసిన మోతాదు రాసిన ఒక తెలుగు కాగితం ఇచ్చి, చదువు రాని వారికి దొడ్డి దగ్గరే కలిపి చూపించమనవచ్చు. దీనికి కొత్త పథకమూ, ప్రారంభోత్సవమూ అవసరం లేదు. గొర్రెలు ఈనే కాలం మళ్లీ వచ్చేలోపే మొదలుపెట్టాలి.

— ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్