ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నాన్నగారికి

నాన్నగారికి నమస్కారం.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మేమంతా కులాసా.

మొన్న ఫోనులో మీరు "అద్దాలతో కట్టిన బ్యాంకు భద్రంగా ఎలా ఉంటుందమ్మా?" అన్నారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు మా ఆఫీసులో నేను గీస్తున్నదీ ఓ ప్రభుత్వ బ్యాంకు భవనమే కదా, అందుకని నిన్న ఆదివారం మైన్ నది ఒడ్డున యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు చుట్టూ రెండు గంటలు తిరిగొచ్చాను.

మీ బ్రాంచి ముందు వేపచెట్టు గుర్తుందా? భద్రతకి అడ్డమని కొట్టించేశారు. కిటికీలకి గ్రిల్లు చాలదని రేకులు కూడా కొట్టారు. ఆ వేసవిలో మీరు స్ట్రాంగ్‌ రూంలో నోట్ల కట్టలు లెక్కపెట్టి బయటికొస్తే చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉండేది. బ్యాంకు భద్రంగా ఉండాలంటే లోపల మనిషికి గాలాడకూడదు కాబోలు అనుకునేదాన్ని.

ఇక్కడ మొదటి కాపలా దూరమే. పేలుడు దెబ్బ దూరం పెరిగేకొద్దీ బాగా తగ్గిపోతుంది కాబట్టి రోడ్డుకీ భవనానికీ మధ్య ఉన్న ఖాళీ జాగా గోడకన్నా గట్టిది. కంచె ఉంది, తనిఖీ ఉంది. ఆ ఖాళీలో మాత్రం చెట్లూ పచ్చికా పెంచారు.

రెండు టవర్లు, ఎత్తైనది 185 మీటర్లు; వాటి మధ్య అద్దాల ఏట్రియం, అంటే ఎత్తైన నడిమి హాలు. దానికి ఏసీ పెట్టలేదు. మన ఇంటి వసారాలాగా బయటి ఎండనీ చలినీ అదే అడ్డుకుంటుంది. ఆఫీసు గదుల్లోకి బయటి గాలి నేరుగా వచ్చే ఏర్పాటు అద్దాల గోడలోనే ఉంది. కంప్యూటర్ల గదిలో పుట్టే వేడిని వృథా పోనివ్వకుండా గదులు వెచ్చబెట్టడానికి వాడతారు.

నాకు బాగా నచ్చింది టవర్ల పక్కనున్న పాత మార్కెట్టు. మార్టిన్ ఎల్జేసర్ అనే ఆర్కిటెక్టు గీయగా 1928లో పూర్తయింది. 220 మీటర్ల పొడవు, పైన పదిహేను పల్చటి కాంక్రీటు కమానులు. ఊరి జనం దాన్ని "కూరగాయల చర్చి" అనేవాళ్లట. 2004 దాకా బేరాలు సాగాయి. కూలగొట్టకుండా పందిట్లో గదులు కట్టినట్టు లోపలే క్యాంటీన్, సమావేశపు గదులు విడిగా కట్టారు. వాటిని వెచ్చబెడితే చాలు, హాలంతా అక్కర్లేదు. దాని కప్పు మీద పడ్డ వాన నీళ్లు మరుగుదొడ్లకీ తోటకీ పోతాయి. హాలుని చీల్చుకుని కొత్త ముఖద్వారం పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. అంత కోత అక్కర్లేదు.

నాన్నా, ఆ మార్కెట్టు నేలమాళిగలోనే 1941 నుంచి నాజీలు ఊళ్లోని యూదుల్ని పోగుచేసి, పక్కనున్న పట్టాల మీంచి రైళ్లకెక్కించారు. దాదాపు పదివేల మంది. బయట కాంక్రీటు మీద ఆ బాధితుల మాటలు చెక్కారు, ఎవరైనా వెళ్లి చదవొచ్చు. నేలమాళిగ మాత్రం బ్యాంకు కంచెకి లోపల పడింది. ముందే పేరు నమోదు చేసుకుని, గైడుతో వెళితేనే చూడనిస్తారు. కంచె దగ్గర నిలబడి కిందికి దిగే ఏటవాలు దారి వైపు చాలాసేపు చూశాను. డబ్బుకి కంచె కావాలి, కాదనను. ఆ దారి దిగడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేకుండా గీసి ఉండాల్సింది. కష్టమే, కానీ ఆ కష్టం పడాల్సింది మా వృత్తివాళ్లమే.

మా స్థలంలోనూ గేటు పక్కన పెద్ద చెట్టొకటి ఉంది. కెమెరాకి అడ్డమని భద్రత చూసేవాళ్లు కొట్టేయమంటున్నారు. నేను కెమెరానే నాలుగు మీటర్లు జరిపి గీశాను. మంగళవారం మీటింగు. మీ వేపచెట్టు గేటుకి ఎంత దూరంలో ఉండేదో, దాని నీడ స్ట్రాంగ్‌ రూం గోడ మీద ఎన్నింటిదాకా పడేదో గుర్తుంటే ఫోను చేసి చెప్పండి.

మీ అమ్మాయి