బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: కొనేదాకా ఒక మాట, కొన్నాక ఇంకో మాట

చిన్న షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కొన్ని చిన్న కంపెనీలు డబ్బులు చేతిలో పడ్డాక ఫోనే ఎత్తట్లేదు. మా మెడికల్ షాపుకి లైఫ్‌టైమ్ లైసెన్స్ అని అమ్మారు, ఏడాది తిరక్కుండానే కంప్యూటర్ పాడై కొత్తది కొంటే దాంట్లో లైసెన్స్ కీ (సాఫ్ట్‌వేర్ తెరిచే కోడ్) పనిచెయ్యదు, మళ్ళీ డబ్బులు కట్టమంటారు, అడిగితే అప్పుడు ఇన్‌స్టాల్ చేసిన కుర్రాడు మానేశాడంటారు, ఈలోగా జీఎస్టీ కట్టాల్సిన 20వ తారీఖు నెత్తిమీదికొచ్చింది, స్టాకు, ఎక్స్‌పైరీ డేట్లు అన్నీ అందులోనే ఇరుక్కుపోయాయి. నలుగురితో నడిచే కంపెనీకీ కష్టాలుంటాయి, కాదనను, కానీ మా లెక్కలు మాకివ్వాలిగా? సపోర్ట్ ఎన్నాళ్ళో, రెన్యువల్ ఎంతో, డేటా ఎక్సెల్‌లో ఎలా తీసుకోవాలో బిల్లు మీదే రాసివ్వాలని ప్రభుత్వం రూల్ పెట్టాలి. సొంతంగా షాపు నడిపి బతికేవాళ్ళు కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారులే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు, ఈ సంగతి వర్తక సంఘాలు షాపు షాపుకీ చెప్పాలి.