శుక్రవారం ఉత్తరం, సోమవారం కడుపునొప్పి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. పరీక్ష పేపర్లు దిద్దడం నిన్నటితో తెమిలింది. ఇంట్లో అందరూ బాగున్నారు, నాన్నగారి మోకాలు నెమ్మదించింది. పిల్లాడి సైకిల్ సంగతి మళ్లీ రాస్తాను. ముందు నీ ఉత్తరంలో మూడో పేజీ సంగతి తేలాలి. అది చదివినప్పటి నుంచీ నా మనసు అక్కడే ఉంది.

ప్రైమరీ సెక్షన్ నీ చేతికొచ్చింది, చాలా సంతోషం. ఇంటివాళ్లకి బడి విషయాలు ఎప్పటికప్పుడు తెలియాలన్న నీ తపన కూడా మంచిదే. కానీ రోజూ సాయంత్రం ఒక్కో పిల్లాడికి ఆ రోజు ప్రవర్తనని బట్టి ఆకుపచ్చో పసుపో ఎరుపో పెట్టి తల్లిదండ్రుల ఫోనుకి పంపుతానన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకురా. నిజంగా బతిమాలుతున్నాను.

ఎరుపు వచ్చిందనుకో, అమ్మకి తెలిసేదేమిటి? ఏదో తప్పు చేశాడని. ఏం చేశాడో, దేనికి చేశాడో, తర్వాత ఏమైందో ఆ రంగులో లేదు. పదింటికి పెన్సిల్ కోసం పక్కవాణ్ణి తోసి, పావుగంటలో తనంతట తానే వెళ్లి సారీ చెప్పినవాడికీ ఎరుపే, పొద్దంతా బల్ల కింద దూరి ఏడ్చినవాడికీ ఎరుపే. బడిలో సర్దుకుపోయిన గొడవకి ఇంట్లో మళ్లీ చీవాట్లు. కొన్నాళ్లకి పిల్లలే ఒకరినొకరు "నువ్వు ఎరుపు" అని పిలుచుకుంటారు. ఆకుపచ్చ పిల్లల సంగతి ఇంకా అన్యాయం. నోరెత్తకుండా, లోపల బెంగతో మూల కూర్చునే పిల్లకి ఏడాది పొడుగునా ఆకుపచ్చే పడుతుంది. ఆ ఇంట్లో ఎవరికీ ఏ అనుమానమూ రాదు.

దాని బదులు వారానికొక ఉత్తరం పంపు. శుక్రవారం మధ్యాహ్నం అనుకుంటే ప్రతి శుక్రవారం అదే వేళకి వెళ్లాలి. అరపేజీ దాటకూడదు, రెండు నిమిషాల్లో చదివెయ్యగలగాలి. ఇంటివాళ్లు చెయ్యాల్సిన పని ఏదైనా ఉంటే మొట్టమొదటి లైనులోనే, తేదీ, వారం రెండూ వేసి రాయి. ఒక ఉత్తరానికి ఒక్క పనే. మూడు అడిగితే ఒకటీ జరగదు. ఆ కింద ఈ వారం ఏం జరిగిందో రాయి. "భిన్నాలు చెప్పాం" అంటే వాళ్లకేం తెలుస్తుంది? ఇంట్లో అడగడానికి ఒక ప్రశ్న అందించు. "ఇవాళ బడిలో ఏం చేశావు?" అంటే ఏ పిల్లాడైనా "ఏం లేదు" అంటాడు. "గ్లాసులో నానేసిన చిక్కుడు గింజకి ముందు వేరొచ్చిందా, మొలకొచ్చిందా?" అని అడిగితే నోరు ఆగదు.

ఆ తర్వాత అందరూ వదిలేసే భాగం ఉంది, అసలైనది అదే. క్లాసు మనసు ఎలా ఉందో రెండు వాక్యాలు. "ఈ వారం జట్లు మారాయి, పాత జట్టు కోసం కొందరు చిన్నబుచ్చుకున్నారు. కోపం వేరు, చిన్నతనంగా అనిపించడం వేరు అని మాట్లాడుకున్నాం, ఇంట్లో కూడా ఆ మాటలు వాడి చూడండి." ఇంతే. పేర్లు వద్దు. తనకి కలిగినదానికి పేరు పెట్టగలిగిన పిల్లాడు దాన్ని కొట్టో తోసో చూపించడం తగ్గుతుంది. అదే మాట బడిలోనూ ఇంట్లోనూ వినబడితే త్వరగా పట్టుబడుతుంది. చివర్లో వచ్చే వారం మారేవి చెప్పు: టీచరు సెలవు, వేరే గదిలో క్లాసు, అగ్నిప్రమాదం వస్తే బయటికి వెళ్లే అభ్యాసం. ఈ వయసు పిల్లల్ని ఎక్కువగా కలవరపెట్టేది అనుకోని మార్పే. శనాదివారాల్లో ఇంట్లో ఒక మాట అని ఉంచితే సోమవారం సగం ఏడుపులు ఉండవు.

చదవలేని వాళ్లుంటే అదే ఉత్తరాన్ని ఒక నిమిషం వాయిస్ మెసేజ్‌గా పంపు. ఇంట్లో వేరే భాషైతే పెద్దవాళ్లెవరినైనా పట్టుకుని చెప్పించు. పిల్లాడి కష్టాన్ని పిల్లాడి చేతే తర్జుమా చేయించకు.

ఇక ఒక్క పిల్లాడి గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు. వాట్సాప్ గ్రూపులో ఒక్క అక్షరం రాయకు. గేటు దగ్గర నలుగురి మధ్య కూడా వద్దు. ఫోన్ చెయ్, అదీ పిల్లాడు ఇల్లు చేరేలోపే. లేకపోతే సగం కథ పిల్లాడి నోటా, మిగతా సగం ఇంకో తల్లి నోటా వింటారు, నీ మాటకి చోటుండదు. మొదటి వాక్యం ఎప్పుడూ "బాబు క్షేమంగా ఉన్నాడండీ" అనే. బడి నంబరు చూడగానే గుండె జారుతుంది కదా, అది కుదుటపడేదాకా తర్వాతి మాట చెవికెక్కదు. తర్వాత ఎక్కడ, ఎన్నింటికి, ఏం జరిగింది, మనం ఏం చేశాం, ఇప్పుడెలా ఉన్నాడు, రేపు ఏం చేయబోతున్నాం. అవతలి పిల్లాడి పేరు ఎంత అడిగినా చెప్పకు. ఐదు నిమిషాలు చాలు. పెట్టేశాక తేదీతో రెండు లైన్లు రాసి ఉంచుకో.

బడి తెరిచిన మొదటి రెండు మూడు వారాల్లోనే ప్రతి ఇంటికీ ఒక మంచి కబురుతో ఫోన్ వెళ్లిపోవాలిరా. అది కాకుండా మొదటి ఫోనే ఫిర్యాదైతే ఆ ఏడాదంతా ఆ ఇంటివాళ్లు మనతో బిగుసుకునే మాట్లాడతారు.

మాట తీరు గురించి... "మీ పాప ఎవరితోనూ కలవదండీ" అన్నావనుకో, తల్లి బాధైనా పడుతుంది, వాదనకైనా దిగుతుంది. "ఈ వారం మూడు రోజులు ఆటల వేళ గోడ పక్కనే నిలబడింది. గురువారం ముగ్గుల ఆటలో మాత్రం ఇద్దరితో కలిసి నవ్వింది. ఇంట్లో ఏమైనా తేడా కనిపించిందా?" అను. కళ్లతో చూసినదే చెప్పావు, ఇంటివాళ్లు చూసింది అడిగావు. జబ్బుల పేర్లు మాత్రం నీ నోట రాకూడదు, అవి చెప్పాల్సింది డాక్టర్లు. బడి కౌన్సెలర్ దగ్గర పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో తయారుచేసిన, పిల్లల బలాలు, ఇబ్బందులు అడిగే 25 అంశాల ప్రశ్నావళి ఉండొచ్చు. అమ్మానాన్నలు ఒకటి, టీచరు ఒకటి విడివిడిగా నింపుతారు. రెండూ పక్కపక్కన పెడితే ఎక్కడ తేడా ఉందో కనబడుతుంది. అదీ జల్లెడ పట్టడానికే, జబ్బు తేల్చడానికి కాదు.

సోమవారం కడుపునొప్పి గురించి అడిగావు. రెండో క్లాసు పాప, ప్రతి సోమవారం పొద్దున నొప్పి, పదకొండింటికి మాయం. దాన్ని నాటకం అనుకోవద్దని ముందు మీ టీచర్లకి చెప్పు. నొప్పి నిజమే. బెంగ పడ్డప్పుడు పిల్లల కడుపు నిజంగానే నొప్పెడుతుంది. మొదట డాక్టరుకి చూపించమను. అక్కడ ఏమీ లేదని తేలితే ఇంట్లో ఒక కాగితం, బడిలో ఒక కాగితం పెట్టండి. తేదీ, వేళ, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, అంతే. రెండు వారాలయ్యాక పక్కపక్కన పరిచి చూడండి. సోమవారం మొదటి పీరియడ్‌లో లేచి నిలబడి గట్టిగా చదవాలేమో. శనాదివారాల్లో నిద్ర తారుమారైందేమో. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. బాత్రూమ్ గడియ పడదని భయపడి పొద్దంతా ఆపుకుంటోందేమో. ఈ చివరిది ఎవరూ అడగరు సూరీ! ఆపుకుంటే మలబద్ధకం, దాంతో మళ్లీ కడుపునొప్పి. గడియ బాగుచేయిస్తే తీరిపోయే బాధకి ఎంతమంది పిల్లలు నెలల తరబడి... సరే.

ఇంట్లో ఉంచేస్తే ఆ పూటకి నొప్పి పోతుంది, మర్నాడు పొద్దున రెట్టింపవుతుంది. అందుకని ఎంతసేపు కుదిరితే అంతసేపైనా బడికి రానివ్వమని తల్లికి నచ్చజెప్పు. తలుపు దగ్గర ఎవరు ఎదురొస్తారో ముందే పాపకి తెలియాలి, రోజూ ఆ మనిషే రావాలి. ఒక చెడ్డ రోజుకి కంగారు పడక్కర్లేదు. పాప తన మామూలు తీరు నుంచి మారి, ఆ మార్పు రెండు వారాలు దాటి, నిద్రనో చదువునో స్నేహాలనో పాడుచేస్తుంటే కౌన్సెలర్ దగ్గరికి పంపాలి.

పాప నీతో రహస్యంగా ఏదైనా చెబితే ఇంటికి ఫోన్ చేసే ముందు పాపకే చెప్పు, "ఇది అమ్మకి తెలియాలి తల్లీ, ఏ మాటల్లో చెబుదామో ఇద్దరం అనుకుందాం" అని. ఎవరికీ చెప్పనని ఒట్టు మాత్రం వెయ్యకు. తనని తాను గాయపరుచుకుంటానన్నా, ఎవరో తనని కొడుతున్నారన్నా, తాకుతున్నారన్నా అది శుక్రవారం దాకా ఆగే సంగతి కాదు. అదే రోజు, ఆ గంటలోనే, బడిలో పిల్లల రక్షణ బాధ్యత ఎవరిదో వాళ్ల చెవిన పడాలి. అనుమానం ఇంటి మీదే అయితే ముందు ఇంటికి ఫోన్ చెయ్యకూడదు. ఇది మీ స్టాఫ్‌లో ప్రతి ఒక్కరికీ, ఆయమ్మతో సహా, తెలిసి ఉండాలి. నీ మొదటి మీటింగులో ఇదే పెట్టు, రంగుల సంగతి కాదు.

అమ్మ ఒకచోట, నాన్న ఒకచోట ఉన్న పిల్లల సంగతి కూడా అడిగావు కదూ. ఉత్తరం రెండు ఇళ్లకీ విడివిడిగా వెళ్లాలి, పిల్లాడి సంచిలో పెట్టి "మీ నాన్నకివ్వు" అనకూడదు. ఎవరికి ఏం చెప్పొచ్చో ముందు ఆఫీసు రికార్డులో చూసుకుని, ఆ తర్వాత... అరే, గంట కొట్టేశారు, నాలుగో క్లాసు వరండాలోకి వచ్చేసింది. మిగతాది రేపు రాస్తాను. నువ్వు ఈలోగా ఆ రంగుల కాగితం ప్రింటుకి ఇవ్వకు.

నీ
మూర్తి