షెడ్డు లేస్తే ఇండోర్ హాలు అయిపోయినట్టు కాదు

సంపాదకుల వారికి,

మునిసిపాలిటీలైనా, గురుకులాలైనా, కాలనీ సంఘాలైనా ఇండోర్ స్టేడియం అనగానే ఇప్పుడు పీఈబీ (ప్రీ ఇంజినీర్డ్ బిల్డింగ్) ఉక్కు షెడ్డే అడుగుతున్నాయి. తప్పేం లేదు. స్తంభాలు, కప్పును మోసే వాలు దూలాలైన రాఫ్టర్లు ఫ్యాక్టరీలోనే తయారై వస్తాయి, సైటులో బోల్టులు బిగించడమే పని. నాలుగు బ్యాడ్మింటన్ కోర్టులు పక్కపక్కనే పట్టే 36 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు హాలుకు మధ్యలో స్తంభమే అక్కర్లేదు. క్రేను, చేయి తిరిగిన మనుషులు ఉంటే ఫ్రేము కొన్ని వారాల్లోనే నిలబడుతుంది. ఫ్రేము లేచిందని బిల్లులో సింహభాగం చెల్లించేయడం దగ్గరే చిక్కంతా.

టెండర్లో ‘ఎత్తు 9 మీటర్లు’ అని ఊరుకుంటారు. కాంట్రాక్టరు దాన్ని చూరు దగ్గర, రేకు అంచుకు కొలుస్తాడు. స్తంభానికి రాఫ్టరు కలిసే చోట దాని లోతే ముప్పావు మీటరు దాకా ఉంటుంది, ఆ మేరకు కింద ఖాళీ తగ్గిపోతుంది. ఇరవై మీటర్ల వెడల్పులో 13.4 మీటర్ల కోర్టు వేస్తే వెనక గీత గోడకు 3.3 మీటర్ల దూరంలో పడుతుంది. లోతైన రాఫ్టరు వేలాడేదీ ఆ వైపే, ఎత్తుగా కొట్టిన షటిల్ దిగేదీ ఆ వైపే. వాలీబాల్, బాస్కెట్‌బాల్‌కు 7 మీటర్లు చాలు కాబట్టి ఈ లోటు ప్రారంభోత్సవం నాడు బయటపడదు. ‘కోర్టు మీద ఎక్కడ కొలిచినా, నేల నుంచి రాఫ్టరు, లైట్ల అడుగు వరకు ఇంత ఖాళీ’ అని రాస్తే సరిపోతుంది.

ఇక గాలి. భవనాలపై పడే గాలి భారాన్ని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం (2015) ప్రకారం గాలి ప్రాథమిక వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖ, విజయవాడలకు 50. మిగతా గుణకాలు వేయకముందే ఆ 50కి చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి. రేకులు, వాటిని మోసే అడ్డ పట్టీలైన పర్లిన్లు, ఫ్రేము అన్నీ కలిపినా బరువు చదరపు మీటరుకు మామూలుగా 30, 40 కిలోలకు మించదు. గాలి కప్పును పైకి లాగుతుంది కాబట్టి, ఈ కప్పు కింద పడుతుందేమో అని కాదు, పైకి లేస్తుందేమో అని చూడాలి. పునాది బరువు, స్తంభాన్ని పునాదికి పట్టి ఉంచే యాంకర్ బోల్టుల లోతు దాన్నిబట్టే తేలాలి.

తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు, తుపాను తర్వాత అక్కరకొచ్చే భవనాలకు గాలి వేగాన్ని 1.3తో హెచ్చించమంటుంది అదే కోడ్. ఒత్తిడి దాదాపు 70 శాతం పెరుగుతుంది. తుపాను వస్తే జనాన్ని తరలించేది ఇలాంటి పెద్ద హాళ్లకే. అయినా ‘ఆటల హాలు’ అని రాసి ఉంది కాబట్టి డిజైన్‌లో 1.0 వేసేస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన విశాఖలో కూడా ఈ సంగతి వేరే చెప్పాల్సి రావడం విడ్డూరం.

గాలి కప్పును పైకి లాగినప్పుడు రాఫ్టరు కింది ఫ్లాంజ్ (అడుగు పట్టీ) నొక్కుడుకు గురై పక్కకు వంగబోతుంది. దాన్ని పర్లిన్‌కు పట్టి ఉంచేది ఫ్లాంజ్ బ్రేస్ అనే చిన్న యాంగిల్ ముక్క. దాన్ని ఆఖర్న బిగిద్దామని వదిలేసి మరిచిపోతారు, ఫొటోలో ఎలాగూ కనపడదు. యాంకర్ బోల్టులదీ అదే కథ. బోల్టులను కదలకుండా పట్టే టెంప్లేటు లేకుండా కాంక్రీటు పోస్తే బోల్టు పక్కకు జరుగుతుంది, తర్వాత స్తంభం అడుగునుండే బేస్‌ప్లేటు రంధ్రాన్ని గ్యాస్ కట్టర్‌తో పెద్దది చేస్తారు. కాంక్రీటుకు ముందొకసారి, తర్వాతొకసారి టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో సరిచూసిన కాగితం లేనిదే ఫ్రేము ఎత్తనివ్వకూడదు.

కప్పుకు ఇన్సులేషన్ లేని ఒట్టి రేకు వేస్తే మే నెలలో మధ్యాహ్నం హాలుకు తాళమే. కోర్టుల పైన నేరుగా పారదర్శక రేకులు వేస్తే వెలుగు కళ్లలో పడి షటిల్ కనపడదు.

అన్నిటికన్నా ఎక్కువగా తొందరకు బలయ్యేది నేల. పీపీసీ (పోర్ట్‌ల్యాండ్ పొజోలానా) సిమెంటుతో పోసిన శ్లాబుకు మన ఎండల్లో 14 రోజులు నీళ్లు కట్టాలి. ఆ తర్వాత అది ఆరడానికి నెలలు పడుతుంది, ఏ ఫ్యాక్టరీ దాన్ని తగ్గించలేదు. శ్లాబు కింద 250 మైక్రాన్ల పాలిథిన్ పరవకపోయినా, ఆరకముందే చెక్క బిగించినా పలకలు ఉబ్బుతాయి, పీవీసీ మ్యాట్ అయితే అతుకుల దగ్గర లేస్తుంది. పరీక్షకు ఖర్చేమీ లేదు. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పున్న పాలిథిన్ ముక్కను నాలుగంచులా టేపుతో శ్లాబుకు అతికించి 16 గంటల తర్వాత ఎత్తి చూడాలి. కింద చెమ్మ ఉంటే ఆగాల్సిందే. ఈ పరీక్షను పలుచోట్ల ఇంజినీరు ఎదుట చేసి ఎంబుక్ (పనుల కొలతల పుస్తకం)లో రాసేదాకా ఫ్లోరింగ్ బిల్లు ఆపాలని ఇంజినీరింగ్ విభాగాలను కోరుతున్నాను.

– ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు, విశాఖపట్నం