ఒక వరుసకి ఒక విరాళం

ఏరా, ఎలా ఉన్నావు?

మీ సేవా సంస్థ దాతల ఎక్సెల్ ఫైల్ ఇకమీదట నువ్వే చూసుకోవాలని మొన్న ఫోన్‌లో చెప్పావు కదా, అప్పటి నుంచీ నీకు రాయాలనే ఉంది. కాస్త పొడుగు ఉత్తరం, తీరిగ్గా చదువుకో.

ముందు నాకు జరిగింది చెప్తాను. మా సంస్థలో చేరిన కొత్తలో దాతల జాబితాను అక్షరక్రమంలో పెడదామని పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టాను. పక్క కాలమ్స్ కూడా కలపాలా అని ఎక్సెల్ అడిగింది. సరిగ్గా చదవకుండా వద్దన్నాను. పేర్లు కదిలాయి, పక్కనున్న మొత్తాలు, చిరునామాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. అలాగే సేవ్ చేశాను. కొన్నాళ్ళకి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "నేనిచ్చిన డబ్బుకి వేరేవాళ్ళ పేరుతో రసీదు పంపారేంటి బాబూ?" అని అడిగేదాకా ఎవరం గమనించలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ సరిచూడటానికి మూడు రాత్రులు పట్టింది. తన కష్టార్జితంలోంచి ఇచ్చిన మనిషికి వేరొకరి పేరుతో కృతజ్ఞతలు వెళ్ళాయన్నది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అందుకే చెప్తున్నా, ప్రతి దాతకీ ఒక నంబరు ఇవ్వు. ఇద్దరికి ఒకే పేరు ఉండొచ్చు, ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక రాస్తారు. నంబరైతే మారదు. దాతల వివరాలు ఒక షీట్‌లో, విరాళాలు ఇంకో షీట్‌లో పెట్టు. విరాళాల షీట్‌లో ఒక వరుసకి ఒకే విరాళం: తేదీ, దాత నంబరు, మొత్తం, దేనికోసం ఇచ్చారు. మా పాత ఫైల్లో నెలకో కాలమ్ ఉండేది. ఒకే నెలలో రెండుసార్లు ఇచ్చినవాళ్ళ మొత్తాలు ఒకే సెల్‌లో ఇరికించి రాసేవాళ్ళు. ఇక దాన్ని కూడేదెలా? వరుసలుగా మార్చాక పివట్ టేబుల్ (వరుసల్ని రకాలవారీగా కూడి చూపించే పట్టిక) వేస్తే ఏ పనికి ఎంత వచ్చిందో నిమిషంలో తేలిపోయింది.

రంగుల్ని మాత్రం నమ్ముకోకు. నాకంటే ముందు చూసినవారు కొన్ని వరుసలకి పసుపు వేసి వెళ్ళారు. అదేమిటో ఎవరికీ తెలియదు. 'స్థితి' అని ఒక కాలమ్ పెట్టి, డేటా వాలిడేషన్‌తో (సెల్‌లో ఏం రాయొచ్చో ముందే కట్టడి చేసే సదుపాయం) డ్రాప్‌డౌన్, అంటే ఎంచుకునే జాబితా, ఇచ్చేయ్. ఎవరు ఎంటర్ చేసినా ఒకే మాట పడుతుంది.

ఫోన్ నంబర్లు, ఖాతా నంబర్లు టైప్ చేసే ముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చు. లేకపోతే మొదట్లో ఉన్న సున్నాలు పోతాయి. 15 అంకెలు దాటితే ఆపైవన్నీ సున్నాలైపోతాయి. షీట్ తనంతట తాను మార్చేసేవి చాలా ఉన్నాయిరా. కొన్ని జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని శాస్త్రవేత్తలు చివరికి 2020లో ఆ పేర్లనే మార్చుకున్నారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా ఆగిపోయాయి. పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో 65,536 వరుసలే పడతాయి, మిగతావి దిగలేదు. మన ఫైళ్ళు అంత పెద్దవి కావులే. కానీ ఏదైనా జారిపోతే షీట్ చెప్పదు. అందుకే నెలకోసారి షీట్ మొత్తాన్ని బ్యాంకు మొత్తంతో తప్పకుండా సరిచూస్తాను.

నాకు అన్నిటికంటే టెన్షన్ ఎక్కడో తెలుసా? సాయం తీసుకునేవాళ్ళ వివరాల దగ్గర. జబ్బులు, ఇంటి గొడవలు, అప్పులు మనల్ని నమ్మి చెప్తారు. అవి దాతల ఫైల్లో ఉండకూడదు. వేరే ఫైల్లో, అవసరమైన ఇద్దరు ముగ్గురికే కనిపించేలా పెట్టు. గూగుల్ షీట్స్ అయితే లింక్ ఉన్న ఎవరైనా చూసేలా సెట్ అయి ఉందేమో ఈ రోజే చూడు. మానేసిన వాలంటీర్లకి ఇంకా యాక్సెస్ ఉంటే తీసేయ్. ఆ పని మాత్రం రేపటికి వాయిదా వేయకు.

ఫార్ములాలు నిదానంగా వస్తాయి, వాటి గురించి దిగులు పడకు. ఏదీ ముట్టుకోకముందే ఫైల్‌కి ఒక కాపీ తీసి, పేరులో తేదీ పెట్టుకో. తర్వాత కాలమ్ హెడ్డింగులు మాత్రం నాకు పంపు, మనుషుల పేర్లు వద్దు. ఆదివారం ఫోన్‌లో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
నేస్తం