పాత కాగితాలు పిల్లల చేతికివ్వడం తప్పెలా అవుతుంది?

సంపాదకుడు గారికి,

నమస్కారాలు. మా ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి బానిసత్వం గురించి చెబుతూ సాంఘిక శాస్త్రం మాస్టారు గోడకు అంటించిన ఓడ బొమ్మనూ, పిల్లలకు పంచిన పాత పత్రికా ప్రకటనల నకళ్లనూ తనిఖీకి వచ్చిన అధికారి తీయించివేసిన సంగతి గత వారం మీ జిల్లా పేజీలో చదివాను. సిలబస్ దాటినందుకే ఆయనను మందలించినట్టు రాశారు. తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలోని ఫ్రెంచి విప్లవం పాఠంలోనే బానిస వ్యాపారమూ, బానిసత్వమూ ఉన్నాయి. 1794లో ఫ్రాన్సు బానిసత్వాన్ని రద్దు చేయడం, నెపోలియన్ మళ్లీ తీసుకురావడం, చివరకు 1848లో అది పోవడం అన్నీ అక్కడే ఉన్నాయి. పుస్తకంలో ఉన్న విషయానికి ఆధారం చూపించడం సిలబస్ దాటడం ఎలా అవుతుందో ఆ అధికారి గారు చెప్పాలి, అడగకుండా అచ్చువేసిన మీరూ చెప్పాలి.

ఆ బొమ్మ ఏమిటో మీ వార్తలో లేదు. అది 1788లో ఇంగ్లండులో అచ్చయిన బ్రూక్స్ అనే ఓడ నక్షా. బానిస వ్యాపారం ఆగాలని పోరాడినవారు, ఓడ అడుగున బానిసలను పక్కపక్కన ఎలా పడుకోబెడతారో ప్రజలకు చూపడానికి దానిని వేయించారు. అప్పటి చట్టం ఆ ఓడకు ఒప్పుకున్న సంఖ్య 454. అంతకుముందు ఆ ఓడే 600 మందికి పైగా తీసుకువెళ్లింది. ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించిన బానిసలు సుమారు కోటీ పాతిక లక్షల మంది అని బిట్టుగా బట్టీ పట్టిస్తే ఏ అధికారికీ అభ్యంతరం ఉండదు. ఒక పిల్ల ఆ నక్షా మీద వేలు పెట్టి, ఒక వరుసలో ఎందరున్నారో లెక్కపెడితే మాత్రం అభ్యంతరం వచ్చింది.

ప్రకటనల సంగతి ఇంకా ముఖ్యం. పారిపోయిన బానిసను పట్టి ఇస్తే బహుమతి ఇస్తామని అమెరికాలో యజమానులు పత్రికల్లో వేయించుకునేవారు. ఆనవాలు కోసం వీపు మీది కొరడా దెబ్బల మచ్చలనూ, కాల్చి వేసిన ముద్రలనూ, మెడకున్న ఇనుప పట్టెనూ వాళ్లే వివరంగా రాసేవారు. బానిసలను దయగా చూసుకుంటున్నామని బయటకు చెప్పుకున్నవారి మాటను వారి ప్రకటనే కొట్టేస్తుంది. 1839లో అమెరికాలో బానిసత్వంపై పోరాడిన థియోడార్ వెల్డ్, గ్రిమ్కే సోదరీమణులు దక్షిణాది పత్రికల సంచికలను వేలకొద్దీ వెదికి ఇలాంటివి కత్తిరించి, వాటినే సాక్ష్యంగా పెట్టి పుస్తకం తెచ్చారు. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, రాయకుండా ఏం వదిలేశారు అని పధ్నాలుగేళ్ల పిల్లవాడు అడగడం నేర్చుకోవడానికి ఇంతకన్న మంచి పాఠం నాకు తెలియదు.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ, మన పిల్లలకెందుకు అని కొందరు తల్లిదండ్రులు అన్నట్టు కూడా మీరు రాశారు. వారికి నేను 1860 నాటి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాలనుకుంటున్నాను. మొదటిది ఆ ఏటి అమెరికా జనాభా లెక్కల్లోని బానిసల పట్టిక. అందులో యజమాని పేరుంటుంది. దాని కింద వరుసగా వయసు, ఆడో మగో, ఒంటి రంగు. అక్కడ దాదాపు 40 లక్షల మంది బానిసలున్న ఆ సంవత్సరంలో, బహుకొద్ది చోట్ల తప్ప, ఆ పట్టికలో ఏ ఒక్కరికీ పేరు రాయలేదు. రెండవది అదే ఏడాది అక్టోబరులో మద్రాసులో బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలై, 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు చెరకు తోటల పనికీ, ఇతర పనులకూ వెళ్లిన సుమారు 1,52,000 మంది కూలీల పట్టికలు. వాటిలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది మచ్చలు రాసి ఉంటాయి. జిల్లా గడిలో విశాఖపట్నం, గంజాం అని మళ్లీమళ్లీ కనిపిస్తుంది. అప్పటికి విజయనగరం విశాఖపట్నం జిల్లాలోదీ, శ్రీకాకుళం గంజాం జిల్లాలోదీ కనుక వాళ్లు మనవాళ్లే.

ఆ కూలీలు బానిసలని నేను అనడం లేదు. వారికి సాధారణంగా ఐదేళ్ల ఒప్పందం ఉంది, మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగుల కూలి ఉంది, కాగితం మీద పేరూ ఊరూ ఉన్నాయి. అయితే ఆ పేరు పక్కన ఒక నంబరు కూడా ఉంది, తోట యజమాని అనుమతి లేకుండా గడప దాటితే శిక్షా ఉంది. పారిపోయిన బానిస ప్రకటనలోనూ మన కూలీ పట్టికలోనూ ఒంటి మీది మచ్చలు ఎందుకు రాశారని ఒక విద్యార్థి లేచి అడిగితే, ఆ ప్రశ్నకు తరగతి మొత్తం ఒక పీరియడ్ కూర్చోవలసిందే. రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ వేరో పిల్లలు కాగితం చూసి తేల్చుకోవాలి. ఆ అవకాశాన్నే ఆ అధికారి గారు గోడ మీద నుంచి తీయించేశారు.

జాబితాకు ఎంత బలముందో విజయనగరానికి ఎవరూ చెప్పనక్కరలేదు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల పట్టికను ఆనంద గజపతి మహారాజు తయారుచేయించారనీ, ఆ లెక్క 1,034కు చేరిందనీ గురజాడ కన్యాశుల్కం తొలి కూర్పు ఆంగ్ల పీఠికలో రాశారు. ఐదేళ్లూ, నాలుగేళ్లూ, చివరకు ఏడాది వయసు పిల్లలు ఎందరో విడివిడిగా లెక్క చెప్పారు. ఏటా గురజాడ జయంతికి దండలు వేసే మనం, ఆయన చేసిన పనినే ఒక మాస్టారు తరగతిలో చేస్తే సంజాయిషీ అడుగుతున్నాం. మహాత్మా ఫూలే 1873లో గులాంగిరి రాసి, నీగ్రో బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు దానిని అంకితమిచ్చాడు. ఎక్కడి విషయం ఎక్కడిదన్న సందేహం ఆయనకు రాలేదు.

పిల్లలు భయపడతారన్న మాటను నేను కొట్టిపారేయను. ఏ కాగితం ఏ వయసుకు తగునో మాస్టారు చూసుకోవాలి, ముందుగా వివరించాలి. బానిసత్వం నుంచి పారిపోయి రచయిత అయిన ఫ్రెడరిక్ డగ్లస్ తాను చదువు నేర్చుకున్న తీరు చెప్పిన భాగాన్ని ఎనిమిదో తరగతికైనా నిక్షేపంగా చదివించవచ్చు. 1936-38 మధ్య అమెరికా ప్రభుత్వం 2,300 మందికి పైగా మాజీ బానిసలను కలిసి వారి మాటలు రాయించింది. అడిగినవారిలో ఎక్కువమంది తెల్లవారు, చెప్పినవారు ఆర్థిక మాంద్యపు కరవు రోజుల్లోని వృద్ధులు కనుక వాటినీ పరీక్షించి చదవాలని పెద్ద తరగతులకు చెప్పాలి. ఇది నేర్పే మాస్టారికి తీరిక ఉండాలి కదా. భోజనం ఫొటోలు, హాజరు యాప్, పదో తరగతికి స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లు, వీటి మధ్య నకళ్లు తన జేబు డబ్బుతో తీయించిన మనిషిని మందలించడానికి మనకు నోరెలా వచ్చింది? ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతూనే ఉంది. ఆ కూలీ పట్టికల పుస్తకం ఒక్కటైనా మన శాఖా గ్రంథాలయాల్లో దొరుకుతుందా?

విద్యాశాఖ ఆ మాస్టారికిచ్చిన మందలింపును రాతపూర్వకంగా ఉపసంహరించుకోవాలి. రాబోయే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయులందరి ముందు ఆయన చేతనే ఆ పాఠం చెప్పించాలి. ట్రూరో తరువాతి ఓడల పట్టికల్లో మన రెండు జిల్లాల ఊళ్లున్న పుటలను ఎంచి, తెలుగులో వివరణతో ప్రతి ఉన్నత పాఠశాలకు పంపాలి. ఎన్నికల ఓటరు జాబితాలు రాత్రికి రాత్రి వేలకొద్దీ అచ్చువేయగలిగిన యంత్రాంగానికి ఇది చేతకాని పని అంటే నేను నమ్మను. మీరు కూడా ఆ వార్తను సవరించి, బొమ్మతో సహా, మొదటి వార్త వేసిన చోటనే వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
విజయనగరం